ఎండ్‌గేమ్‌లో ఇంజిన్‌కి ఏం తెలుసు?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం. చెస్‌లో ఇంజిన్ అంటే ఆట ఆడే ప్రోగ్రామ్, ఎండ్‌గేమ్ అంటే పావులు కొన్నే మిగిలిన ఆట చివరి భాగం.

ముందుగా ఒక మాట. శకటు, ఏనుగు అనే పేర్లు నాకు ఇష్టమే కానీ, నోటికి అలవాటైపోయింది కాబట్టి బిషప్, రూక్, క్వీన్ అనే అంటాను. గుర్రం, బంటు, రాజు మాత్రం మనవే. కలగాపులగంగా ఉంటుంది, సర్దుకోండి.

తెర మీద పొజిషన్ చూడండి. గడి పేరులో అక్షరం నిలువు వరుసకి, అంకె అడ్డ వరుసకి. తెల్ల రాజు జి5లో, తెల్ల బిషప్ డి3లో, తెల్ల బంటు హెచ్5లో. నల్ల వైపు ఒంటరి రాజు, హెచ్8 మూలలో. ఎవరు గెలుస్తారు? చెయ్యెత్తకుండానే కొందరు నవ్వుతున్నారు. మీకు తెలుసన్నమాట. డ్రా. హెచ్8 నల్ల గడి, మన బిషప్ తిరిగేవి తెల్ల గడులు. ఆ మూల గడిని అది ఏ జన్మకీ తాకలేదు. నల్ల రాజు హెచ్8, జి8 మధ్య ఊగిసలాడుతూ కూర్చుంటాడు. దగ్గరికెళ్లి నొక్కితే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే కదలడానికి చోటు లేక డ్రా. దూరంగా ఉంటే ఏమీ జరగదు.

చదువుకునే రోజుల్లో ఒక ప్రోగ్రామ్‌తో ఆడుతూ సరిగ్గా ఇలాంటి దాంట్లోకే దిగాను. బిషప్ నాది. స్క్రీన్ మీద ప్లస్ నాలుగు చూపిస్తోంది, అంటే నేను అంత ముందున్నానని. బిషప్‌కి మూడు, బంటుకి ఒకటి, మొత్తం నాలుగు. కిరాణా లెక్క! గెలిచేశానని పొంగిపోయి, అంతకుముందు ఉన్న రూక్‌లని నేనే మార్పిడి చేసుకున్నాను. ఆ తర్వాత ముప్పై ఎత్తులు ఆడినా ప్లస్ నాలుగు ప్లస్ నాలుగుగానే ఉంది, బంటు మాత్రం బంటుగానే ఉంది. ప్రోగ్రామ్ అబద్ధం చెప్పలేదు. దానికి లెక్కపెట్టడమే తెలుసు, లెక్కపెట్టింది.

ఇలాంటిది మనుషులూ మర్చిపోతారు. 1971లో వాంకూవర్‌లో ఫిషర్‌తో ఆడిన క్యాండిడేట్స్ మ్యాచ్ (ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ) రెండో ఆటలో టైమనోవ్‌కి 81వ ఎత్తులో డ్రా దొరికింది. గుర్రాన్ని ఇచ్చేసినా రాజు ఇదే హెచ్8 మూలకి చేరిపోయేవాడు. ఫిషర్ బిషప్ కూడా తప్పుడు రంగుదే. టైమనోవ్ రాజుని మరో వైపు కదిపి ఓడిపోయాడు. కానీ తేడా ఒకటుంది. ఆ రాత్రే ఎవరైనా ఆయనకి చూపించి ఉంటే ఒక్క క్షణంలో "అయ్యో" అని ఉండేవాడు. నా పాత ప్రోగ్రామ్‌కి ఎన్నిసార్లు చూపించినా ఆ "అయ్యో" రాదు.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే. స్క్రీన్ మీద కనిపించే నంబర్ ఒకటే, కానీ అది ఒక్కోసారి ఒక్కో చోటు నుంచి వస్తుంది. ఒకసారి లెక్కపెట్టి చెబుతుంది, ఒకసారి ముందుకు వెతికి చెబుతుంది, ఒకసారి జ్ఞాపకం నుంచి చెబుతుంది, ఒకసారి అంచనా వేస్తుంది. ఎండ్‌గేమ్‌లో ఈ నాలుగింటి మధ్య తేడా బయటపడినంతగా ఆట మధ్యలో బయటపడదు.

మొదట వెతకడం గురించి. రెండో వరుసలో నిలబడ్డ బంటు చివరి వరుసకి చేరి క్వీన్ కావాలంటే అడ్డు లేకపోయినా 5 ఎత్తులు. మధ్యలో ఎదుటివాడివి 4. మొత్తం 9. పాత ప్రోగ్రామ్ ఎనిమిది వరకే చూడగలిగితే దానికి ఆ క్వీన్ కనిపించదు. బంటు బంటే. హాన్స్ బెర్లినర్ దీనికి హొరైజన్ ఎఫెక్ట్, అంటే చూపు ఆగిపోయే అంచు దెబ్బ, అని పేరు పెట్టాడు. ఇందులో తమాషా ఏంటంటే, ముంచుకొచ్చే నష్టాన్ని ప్రోగ్రామ్ చూసినా సరే, మధ్యలో అక్కర్లేని చెక్‌లు ఇచ్చి, బంట్లని పారేసుకుని, ఆ నష్టాన్ని తన చూపుకి అవతలికి నెట్టేస్తుంది. కనబడటం లేదు కాబట్టి తప్పించుకున్నట్టే అనుకుంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

మరి లోతు పెంచితే చాలా? కొన్నిసార్లు చాలు. ఇంకో పొజిషన్ పెడుతున్నాను, ఇది చాలా పాతది. తెల్ల రాజు ఏ1లో, తెల్ల బంట్లు ఏ4, డి4, డి5, ఎఫ్4. నల్ల రాజు ఏ7లో, నల్ల బంట్లు ఏ5, డి6, ఎఫ్5. దీని మూలం 1901 నాటి లాస్కర్, రైకెల్మ్‌ల విశ్లేషణ. రూబెన్ ఫైన్ ఎండ్‌గేమ్ పుస్తకంలో 70వ బొమ్మ కాబట్టి ప్రోగ్రామర్లందరూ "ఫైన్ 70" అంటారు. ఎత్తు వేయాల్సింది తెల్లవాళ్లు. ఒక్క బంటు కూడా కదలదు, అన్నీ బిగుసుకుపోయాయి. రాజులిద్దరే తిరగాలి.

తెల్ల రాజుకి లోపలికి దూరడానికి రెండు గుమ్మాలున్నాయి. ఎడమ వైపు సి4 నుంచి బి5, కుడి వైపు హెచ్4 నుంచి జి5. తెల్ల రాజు సి4కి వస్తే నల్ల రాజు బి6లో ఉండి తీరాలి. హెచ్4కి వస్తే జి6లో ఉండాలి. అంటే తెల్ల రాజు నిలబడే ఒక్కో గడికీ నల్ల రాజు నిలబడాల్సిన జోడీ గడి ఒకటుంటుంది. వాటి లెక్క వెనక్కి వేసుకుంటూ వస్తే మొదటి ఎత్తు తేలుతుంది: రాజు బి1కి. ముందుకి కాదు, పక్కకి! ఏ2, బి2 రెండూ సహజంగా కనిపిస్తాయి, రెండూ గెలుపుని పారేస్తాయి.

పాత ప్రోగ్రామ్‌లకి ఇది కొరకరాని కొయ్య. బంటు చేతికి రావడానికి చాలా ఎత్తులు పడుతుంది, ఒక్కో ఎత్తుకీ కొమ్మలు చీలుతూ పోతే చూడాల్సిన వరసలు కోట్లు దాటిపోతాయి. తర్వాత హ్యాష్ టేబుల్ వచ్చింది. ఒకసారి చూసిన పొజిషన్‌ని జ్ఞాపకం పెట్టుకుని, ఇంకో దారిలో మళ్లీ అదే ఎదురైతే తిరిగి లెక్కపెట్టకుండా ఉండటం, అంతే. ఇప్పుడు ఆలోచించండి: బంట్లు కదలనప్పుడు ఇద్దరు రాజులు బోర్డు మీద ఎన్ని రకాలుగా నిలబడగలరు? పక్కపక్కన నిలబడకూడదు కాబట్టి ఖాళీ బోర్డు మీదైనా 3,612 రకాలు, అంతే. కోట్ల వరసలన్నీ ఈ మూడున్నర వేలలోనే గింగిరాలు కొడుతున్నాయి. హ్యాష్ టేబుల్ పెట్టగానే ప్రోగ్రామ్ రాజుని బి1కి నడిపింది.

దానికి జోడీ గడుల సంగతి అర్థమైందా? లేదు. నాకు ఆ విషయంలో అనుమానమే లేదు. ఇక్కడ ఆ కిటుకు నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంకో బంట్ల ఆటలో వాడుకుంటాడు. ప్రోగ్రామ్ రేపు మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. కాకపోతే నాకంటే ముందే వెతుక్కుంటుంది, అది వేరే బాధ. (నవ్వులు)

ఇక జ్ఞాపకం దగ్గరికి వస్తాను. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ.

టేబుల్‌బేస్ అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం: ఆటని ముందు నుంచి కాకుండా చివరి నుంచి వెనక్కి నడిపించడం. ముందుగా మేట్ అయిన పొజిషన్లన్నీ రాసుకుంటారు. తర్వాత, ఒక్క ఎత్తులో వాటిలో పడే పొజిషన్లు. ఆ తర్వాత, ఓడేవాడు ఎటు కదిలినా వాటిలోనే పడేవి. అలా వెనక్కి, వెనక్కి. ఇక కొత్తవి రాకపోతే మిగిలినవన్నీ డ్రా. రిచర్డ్ బెల్‌మన్ 1965లో ఆలోచన చెప్పాడు, స్ట్రోలైన్ 1970లో చిన్న ఎండ్‌గేమ్‌ల మీద చేసి చూపించాడు. కెన్ థాంప్సన్ దాన్ని ఆటగాళ్ల ముందుకి తెచ్చాడు. అవును, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసిన థాంప్సనే.

క్వీన్‌తో రూక్ మీద గెలవడం తేలికేనని అప్పటి పుస్తకాలన్నీ అనేవి. 1970ల చివర థాంప్సన్ తన టేబుల్‌బేస్‌కి రూక్ ఇచ్చి, అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్‌కి క్వీన్ ఇచ్చాడు. సరిగ్గా ఆడితే ఎక్కువలో ఎక్కువ 31 ఎత్తుల్లో పని అయిపోవాలి. బ్రౌన్‌కి 50 ఎత్తులు సరిపోలేదు! (బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చు, అదే 50 ఎత్తుల రూల్.) పుస్తకాలు రూక్‌ని రాజు పక్కనే అంటిపెట్టుకుని ఉంచమంటాయి. మిషన్ దాన్ని రాజుకి దూరంగా పెట్టింది. చూడటానికి పిచ్చి ఎత్తులా ఉంటుంది, పట్టుకోబోతే చిక్కదు. బ్రౌన్ ఇంటికెళ్లి కూర్చుని చదువుకుని మళ్లీ వచ్చాడు. రెండోసారి సరిగ్గా 50వ ఎత్తులో రూక్‌ని కొట్టాడు. నాకు ఈ కథలో మిషన్ కంటే బ్రౌనే నచ్చుతాడు.

తర్వాత 1983లో ఇంకో దెబ్బ. రెండు బిషప్‌లు, ఒంటరి గుర్రం. ఇది డ్రా అని నూట ముప్పై ఏళ్లుగా అందరి నమ్మకం. 1851లో క్లింగ్, హార్విట్స్ అనే ఇద్దరు, గుర్రం బి7 లాంటి గడిలో రాజుతో కలిసి కట్టే కోటని, అంటే ఎదుటివాడు ఛేదించలేని అమరికని, చూపించారు. థాంప్సన్ టేబుల్‌బేస్ కోటని కూల్చేసింది. గెలుపే, కాకపోతే 66 ఎత్తులు పట్టొచ్చు. అప్పట్లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే కొన్ని ఎండ్‌గేమ్‌లకి 50 ఎత్తుల రూల్‌ని సడలించింది. ఒకదాని తర్వాత ఒకటి ఇలాంటివి బయటపడుతుంటే విసుగొచ్చిందేమో, 1992లో మళ్లీ అన్నిటికీ 50 అనేసింది.

ఇప్పుడు 7 పావుల వరకు అన్నీ తేలిపోయాయి. 2012లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో లొమొనోసోవ్ అనే సూపర్ కంప్యూటర్ మీద చేసినది 140 టెరాబైట్లు. అందులో 549 ఎత్తులు పట్టే మేట్ ఒకటుంది. రోనాల్డ్ డి మాన్ 2013లో తెచ్చిన సిజిజీ పద్ధతి దాన్ని బాగా కుదించింది. 2018లో ఆ పద్ధతిలో 7 పావులవి పూర్తయ్యాయి: సుమారు 424 లక్షల కోట్ల పొజిషన్లు, 18 టెరాబైట్ల చిల్లర. ఇందులో తప్పు అనేది లేదు. ఆ 549 ఎత్తుల ఆటని నేను కూర్చుని తిప్పి చూశాను. మొదటి నాలుగు వందల ఎత్తుల్లో ఏది ఎందుకో చెప్పగల మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. పోనీ టేబుల్‌బేస్ చెబుతుందా అంటే, దానికి "ఎందుకు" అనే గడి లేదు. ఫోన్ డైరెక్టరీకి అందరి నంబర్లూ తెలుసు, ఎవరి గురించీ ఏమీ తెలియదు.

ఇంకో సంగతి, ఇది ఆటగాళ్లకి పనికొస్తుంది. సిజిజీ చూసేది మేట్‌కి ఎంత దూరం అని కాదు. తర్వాతి బంటు కదలికకో, తర్వాతి కొట్టుడుకో ఎంత దూరం అని చూస్తుంది. 50 ఎత్తుల లెక్క మళ్లీ సున్నా అయ్యేది అక్కడే కదా. అందుకే కొన్నిసార్లు శుభ్రంగా మేట్ చేయగలిగే చోట పావుని ఊరికే ఇచ్చేసి, వేరే గెలుపులోకి వెళ్తుంది. ఆ ఎత్తు చూసి "ఆహా, ఎంత లోతో" అని నోట్‌బుక్‌లో రాసుకున్న వాళ్లని నేను చూశాను. లోతూ లేదు, పాడూ లేదు. గెలుపు ఖాయమైనప్పుడు దానికి అన్ని దారులూ ఒకటే.

ఇప్పుడు అసలు చిక్కు. 7 పావుల కంటే ఎక్కువుండి, ఆట మధ్యభాగం కంటే తక్కువుండే చోటు. మన ఆటలు ఓడేదీ గెలిచేదీ ఇక్కడే.

స్పెయిన్‌లో లినారెస్ టోర్నమెంట్, 1998. టోపలోవ్ తెల్ల, షిరోవ్ నల్ల. బోర్డు మీద పది పావులు. తెల్ల: రాజు జి1, బిషప్ సి3, బంట్లు జి2, హెచ్4. నల్ల: రాజు ఇ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఏ4, డి5, ఎఫ్6, జి6. నల్ల వైపు రెండు బంట్లు ఎక్కువ. కానీ బిషప్‌లు వేరు వేరు రంగులవి, అంటే డ్రా వాసన కొట్టే ఆట. షిరోవ్ ఏం చేశాడు? బిషప్‌ని తీసుకెళ్లి హెచ్3లో పెట్టాడు. జి2 బంటు నోటి ముందు, ఊరికే!

ఎందుకు? నల్ల రాజుకి ఇ4 గడి కావాలి, తెల్ల రాజు ఇ3కి రాకముందే కావాలి. దారి ఎఫ్5 మీదుగా. ఆ దారిలో అడ్డంగా నిలబడింది తన బిషప్పే. దాన్ని మామూలుగా పక్కకి తీస్తే ఒక ఎత్తు పోతుంది, ఈలోగా తెల్ల రాజు ఎఫ్2, ఇ3 అని వచ్చేస్తాడు. ఇ4కే తీస్తే రాజుకి కావాల్సిన గడిని తనే కూర్చుని ఆక్రమించినట్టు. హెచ్3లో పెడితే? జి2ని బెదిరిస్తోంది కాబట్టి తెల్లవాళ్లు పట్టించుకోక తప్పదు. కొడితే నల్ల రాజు ఎఫ్5, తెల్ల రాజు ఎఫ్2, నల్ల రాజు ఇ4. ఒక్క అడుగు ముందున్నాడు. కొట్టకుండా రాజుని తెస్తే జి2ని కొట్టి బిషప్‌ని అప్పుడు ఇస్తాడు, మళ్లీ ఇ4 తనదే. తర్వాత ఏ బంటు, డి బంటు రెండు వైపులా పరిగెడితే ఒక్క బిషప్ రెండిటినీ ఆపలేదు. ఆరు ఎత్తుల తర్వాత టోపలోవ్ ఆట వదిలేశాడు.

అప్పటి ఇంజిన్లకి ఇది దొరకలేదు. వాటికి కనిపించింది ఒక బిషప్ పోవడం. ఇచ్చిన దానికి బదులు చాలా దూరాన ఉంది. ఇప్పటివి పట్టేస్తాయి. అయితే షిరోవ్ పట్టిన తీరు వేరు. "నా రాజు ఇ4లో ఉంటే గెలుస్తాను, ఇప్పుడేం చేయాలి" అని గమ్యం నుంచి వెనక్కి వచ్చాడు. ఇంజిన్ అన్ని ఎత్తులూ నూరుకుంటూ ముందుకి వెళ్తుంది.

కోటల విషయంలో ఇప్పటికీ తడబడతాయి. రోజర్ పెన్‌రోజ్ సంస్థ 2017లో ఒక పొజిషన్ విడుదల చేసింది. నల్ల వైపు క్వీన్, రెండు రూక్‌లు, మూడు బిషప్‌లు. తెల్ల వైపు రాజు, నాలుగు బంట్లు. ఇంజిన్లు నల్లదే గెలుపని ఢంకా బజాయించాయి. కానీ ఆ మూడు బిషప్‌లూ నల్ల గడులవే, క్వీనూ రూక్‌లూ బంట్ల వెనక ఇరుక్కుపోయాయి. తెల్ల రాజు తెల్ల గడుల మీద షికారు చేస్తే చాలు, ఎవరూ తాకలేరు. చెస్ నేర్చుకున్న ఏడాదికే ఇది చూడగలం.

ఇలాంటివి అనుమానంగా ఉంటే నేను చేసే పని చెబుతాను. ఇంజిన్ ప్లస్ రెండు అంటే నమ్మను. దాని ఎత్తులే ఓ ఇరవై ఆడిస్తాను. నిజంగా గెలుపైతే నంబర్ మెల్లగా పైకి పాకుతుంది. ప్లస్ రెండు ఇరవై ఎత్తుల తర్వాత కూడా ప్లస్ రెండే అయితే, అది గోడకి తల ఆనించి నడుస్తోందని అర్థం.

ఆటల నుంచి తామే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లు వచ్చాక మారలేదా అని అడుగుతారు. మారింది. 2020 వరకు స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో "వేరు రంగు బిషప్‌లైతే నంబర్ తగ్గించు", "మూల గడి తప్పుడు రంగైతే డ్రా" లాంటివి మనుషులు చేత్తో రాసి పెట్టేవాళ్లు. ఆ ఏడాది నెట్‌వర్క్ పెట్టారు, 2023లో చేత్తో రాసిన అంచనాని తీసేశారు. లీలా అనే ఇంకో ఇంజిన్ అయితే మొదటి నుంచీ తనతో తను ఆడుకుని నేర్చుకున్నదే. తమాషా చూడండి, గెలిచిన ఎండ్‌గేమ్‌లో లీలా అటూ ఇటూ కాలక్షేపం చేసేది. దానికి తెలిసింది గెలుపా, ఓటమా, డ్రానా అన్నంతవరకే. ఇప్పుడు గెలిచినా యాభై ఎత్తుల తర్వాత గెలిచినా మార్కులు ఒకటే, తొందరెందుకు? చివరికి ఇంకా ఎన్ని ఎత్తులున్నాయో అంచనా వేసే భాగాన్ని విడిగా చేర్చాల్సి వచ్చింది.

ఇక సున్నా. నంబర్లన్నిటిలో నాకు కోపం తెప్పించేది 0.00, అంటే సమానం, డ్రా అని.

2021 డిసెంబర్, దుబాయ్, ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో ఆట. కార్ల్‌సన్‌కి రూక్, గుర్రం, రెండు బంట్లు. నెపొమ్‌నియాషీకి క్వీన్. రాజులతో కలిపి 7 పావులు, అంటే టేబుల్‌బేస్ పరిధిలోకి వచ్చేసింది. అది డ్రా అంటోంది. చూస్తున్న వాళ్లు "డ్రాయే కదా, ఇంకా ఎందుకు లాగుతున్నాడు" అనుకున్నారు. బోర్డు ముందు పరిస్థితి అది కాదు. కార్ల్‌సన్‌కి ఓటమి ప్రమాదం దాదాపు లేదు, ఎంతసేపైనా నొక్కుతూ ఉండొచ్చు. ఎదుటివాడు ప్రతి ఎత్తూ వెతికి పట్టుకోవాలి, అదీ ఏడు గంటలు ఆడిన తర్వాత. 130వ ఎత్తులో క్వీన్ ఇ6కి వెళ్లింది. టేబుల్‌బేస్ రంగు మార్చింది, డ్రా పోయి కార్ల్‌సన్ గెలుపు అంది. 136 ఎత్తులు, చాంపియన్‌షిప్ చరిత్రలోనే అతి పొడుగైన ఆట. ఆ టెన్షన్ అంతా సున్నాలో ఎక్కడుంది చెప్పండి?

2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట మీలో చాలామంది లైవ్‌లో చూసే ఉంటారు. డింగ్‌కి ఒక బంటు తక్కువ, ఇంజిన్ డ్రా అనే అంటోంది. కానీ డింగ్ బిషప్ ఏ8 మూలలో ఉంది. 55వ ఎత్తులో రూక్‌ల మార్పిడికి ఎఫ్2కి వచ్చాడు. గుకేశ్ రూక్‌లు కొట్టించి బిషప్‌ని డి5లో పెట్టాడు. మూలలో ఉన్న బిషప్‌కి తప్పుకునే చోటే లేదు, అదీ మార్పిడే. మిగిలిన బంట్ల ఆటలో గెలుపు నల్ల ఆడుతున్న గుకేశ్‌ది. 58 ఎత్తులకి కొత్త చాంపియన్. మంచి ట్రెయినర్ ఎవరైనా ఆ బిషప్ మూలలో కూర్చోగానే "జాగ్రత్త" అని ఉండేవాడు. డ్రా అని చెప్పడం కంటే ఎక్కడ జారిపడతామో చెప్పడం కష్టం. ఇంజిన్ మొదటిది చెబుతుంది.

ముందు వరుసలో పాప చెయ్యెత్తింది. చెప్పమ్మా.

"మరి ఇంజిన్‌తో ఎండ్‌గేమ్ నేర్చుకోకూడదా అండీ?"

నేర్చుకోవచ్చమ్మా, నంబర్ అడగొద్దు, ఎదురుగా కూర్చోబెట్టి ఆడు. క్వీన్ నీది, రూక్ దానిది. ఓడిపోతున్న వైపు దానికంటే మొండిగా ఆడేవాళ్లు దొరకరు. నేను పోయిన వారం ఆడితే 44 ఎత్తులు పట్టింది, మధ్యలో ఒకసారి రూక్ చేజిక్కినట్టే చిక్కి స్టేల్‌మేట్ అయ్యేది, ఆఖరి క్షణంలో చూసుకున్నాను. ఇదిగో బోర్డు, ఫోన్‌లో టేబుల్‌బేస్ తెరిచే ఉంది. నల్ల ఎత్తులు నేను చదువుతాను. క్వీన్ ఎవరు తీసుకుంటారు? యాభై ఎత్తులు మాత్రమే, లెక్క మీరే పెట్టుకోవాలి.